కుక్కతో వెళ్లే ముందు ఒకసారి కుక్క లేకుండా వెళ్లి రండి

మీరు రాసినది క్లుప్తంగా ఇదీ. ఏడాదిన్నర వయసున్న ఆడకుక్క, బరువు ఇరవై కిలోలు. ఫోనులో 'కుక్కలకు అనుకూలం' అని చూపించిన మొదటి పార్కులో మిమ్మల్ని గేటు దగ్గరే ఆపేశారు. రెండో చోట లోపలికి పంపారు కానీ, అడుగు పెట్టిన నిమిషానికే మూడు కుక్కలు దాన్ని చుట్టుముట్టాయి. అప్పటి నుంచి ఆ వీధి మలుపు వస్తే చాలు, కాళ్లు బిగబట్టి కూర్చుంటోంది. మంచి పార్కులు, నడకదారులు ఎలా వెతకాలి, అసలు దీన్ని మళ్లీ బయటకు తీసుకెళ్లవచ్చా అన్నది మీ సందేహం.

నిశ్చింతగా తీసుకెళ్లవచ్చు. పద్దెనిమిదేళ్లుగా కుక్కలతో నడుస్తున్నాను. నావి నాలుగు, ఊరివాళ్లవి లెక్క పెట్టలేదు. మీకు జరిగింది దాదాపు అందరికీ జరిగేదే, నాకైతే రెండుసార్లు జరిగింది.

'కుక్కలను రానిస్తారు' అన్న ఒక్క మాటలో రెండు వేరు వేరు సంగతులు ఇరుక్కుని ఉన్నాయి. అనుమతి ఉందా అనేది ఒకటి. ఆ చోటు మీ కుక్కకు పడుతుందా అనేది రెండోది. మొదటిదానికి గేటు దగ్గరి బోర్డు జవాబు చెబుతుంది. రెండోదానికి ఏ బోర్డూ చెప్పదు, ఏ యాప్ కూడా చెప్పదు. మీ మొదటి పార్కులో మొదటిది బెడిసింది, రెండో పార్కులో రెండోది.

ముందు అనుమతి సంగతి తేల్చేద్దాం. యాప్‌లలోని జాబితాలు చాలావరకు ఎవరో ఎప్పుడో ఎక్కించినవి. నియమం మారినా ఆ పచ్చ గుర్తు అలాగే ఉంటుంది. నేను చేసేది ఏమిటంటే, ఆ నేల ఎవరి చేతిలో ఉందో కనుక్కుంటాను. పురపాలక సంస్థదా, అటవీ శాఖదా, జలాశయాన్ని చూసుకునే వాళ్లదా, ఒక రైతుదా? ఒకే నడకదారి మూడు యాజమాన్యాల కింద నుంచి సాగడం మామూలే. మొదటి రెండు కిలోమీటర్లు కుక్కకు అడ్డు లేదు, ఆ తర్వాత ఒక చిన్న వంతెన దాటగానే నిషేధం. అందుకే మొత్తం దారి గురించి అడగాలి తప్ప, మొదలయ్యే చోటు గురించి కాదు. ఫోను చేసినప్పుడు 'కుక్కను తేవచ్చా' అని అడిగితే 'తేవచ్చు' అని ముక్తసరిగా చెప్పి పెట్టేస్తారు. ఏ దారుల్లోకి, ఏ వేళల్లో, ఏ నెలల్లో, తాడు ఎంత పొడవు ఉండాలి అని విడివిడిగా అడగండి. అవతలివారు తడుముకుంటే ఆ విషయం తెలిసిన వారికి ఫోను ఇవ్వమనండి.

తాడు పొడవు అడగడం చాదస్తం కాదు. అమెరికా జాతీయ పార్కుల్లో కుక్కలను అనుమతించే చోట ఆరు అడుగులకు మించి తాడు ఉండకూడదు. ఇంగ్లండులో ప్రజలు స్వేచ్ఛగా తిరగడానికి చట్టం వీలు కల్పించిన బయలు నేలల్లో మార్చి 1 నుంచి జూలై 31 వరకు రెండు మీటర్ల లోపు తాడే వాడాలి. నేల మీద గూళ్లు కట్టుకునే పక్షులకు అది గుడ్లు పెట్టి పిల్లలను సాకే కాలం. పశువులు దగ్గర్లో ఉంటే ఏడాది పొడవునా అదే నియమం. ఇలాంటి నెలల లెక్కలు చాలా చోట్ల ఉంటాయి. డిసెంబరులో హాయిగా తిరిగి వచ్చిన మిత్రుడి మాట నమ్మి ఏప్రిల్‌లో వెళ్తే గేటు దగ్గరే ఆగిపోతారు.

నిషేధం కనిపించగానే 'కుక్కలంటే వీళ్లకు గిట్టదు' అనుకునేవాళ్లలో నేనూ ఒకణ్ణే, కొన్నేళ్ల పాటు. తర్వాత కారణాలు తెలిసే కొద్దీ నోరు మూతపడింది. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటీ అభయారణ్యంలో కుక్కలకు వచ్చే డిస్టెంపర్ వ్యాధి సోకి అక్కడి సింహాల్లో దాదాపు మూడో వంతు చనిపోయాయి. సిడ్నీ దగ్గరి అడవి దారుల్లో జరిపిన అధ్యయనం ఒకటి 2007లో వెలువడింది. తాడు కట్టిన కుక్కను ఊరికే నడిపించుకుంటూ వెళ్లినా ఆ దారి పక్కన పక్షి జాతులు 35 శాతం, మొత్తం పక్షులు 41 శాతం తక్కువగా కనిపించాయి. అంటే మన కుక్క ఏమీ చేయనక్కర్లేదు, దాని ఉనికే చాలు. అమెరికాలోని ఎల్లోస్టోన్ జాతీయ పార్కులో కుక్కలను నడకదారుల మీదకు, చెక్క బాటల మీదకు రానివ్వరు. రోడ్డుకో, వాహనాలు నిలిపే చోటుకో వంద అడుగుల లోపే తిప్పాలి. అక్కడి వేడినీటి బుగ్గల సంగతి తెలిస్తే ఎందుకో అర్థమవుతుంది. 1981లో ఒక యువకుడు, బుగ్గలో దూకిన తన స్నేహితుడి కుక్కను తీయబోయి తానూ దూకి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ నీటి వేడి 94 డిగ్రీలు. అదే దేశంలో షెనాండోవా పార్కులో ఐదు వందల మైళ్లకు పైగా ఉన్న దారుల్లో ఇరవై మైళ్ల లోపు తప్ప మిగతా అన్నింటి మీదా తాడుతో కుక్కను నడిపించవచ్చు. రెంటినీ చూసేది ఒకే సంస్థ, కానీ నేల వేరు. అందుకే పేరున్న పార్కు అనో, ఫలానా సంస్థది అనో లెక్కవేసుకుని బయలుదేరకూడదు.

ఇక రెండో సంగతి. అసలు చెప్పదలచుకున్నది ఇదే.

కొత్త చోటుకు మొదటిసారి కుక్కను తీసుకెళ్లకండి. మీరొక్కరే వెళ్లండి. ఏ రోజు, ఏ వేళకు కుక్కతో వెళ్దామనుకుంటున్నారో సరిగ్గా ఆ రోజు, ఆ వేళకే వెళ్లండి. మంగళవారం ఉదయం ఆరింటికి నిద్రపోతున్నట్టుండే పార్కు ఆదివారం సాయంత్రం సైకిళ్లతో, బంతులతో, తాడు లేని కుక్కలతో తిరునాళ్లలా ఉంటుంది. చాలామంది ఈ మాట విని నవ్వుతారు. కుక్క లేకుండా కుక్కల పార్కుకు, అంటే కంచె లోపల కుక్కలను తాడు విప్పి వదిలే చోటుకు, వెళ్లి బల్ల మీద కూర్చోవడం నాకూ మొదట్లో ఎబ్బెట్టుగానే ఉండేది. ఇప్పుడు ఇరవై నిమిషాలు కూర్చుంటే చాలు, ఆ చోటు నాడి దొరుకుతుంది.

ఆ ఇరవై నిమిషాలూ గేటు వైపే చూడండి. కంచె వేసిన పార్కులో గొడవలు ఎక్కువగా మొదలయ్యేది అక్కడే. కొత్త కుక్క రాగానే లోపలివన్నీ పరుగెత్తుకొచ్చి గేటును మూసేస్తాయి. వచ్చినదానికి తాడు బిగుసుకుని ఉంటుంది, వెనక్కి వెళ్లే దారి ఉండదు, ముందు ఐదు ముక్కులు. మీ కుక్కకు జరిగింది ఇదే అయి ఉంటుంది. మంచి పార్కుకు రెండు గేట్లు ఉంటాయి, మధ్యలో చిన్న గది లాంటి ఖాళీ. బయటి గేటు మూసి, అక్కడే తాడు విప్పి, లోపలి కుక్కలు విసిగి దూరం జరిగాక రెండో గేటు తీస్తారు. ఒకే గేటు ఉన్న పార్కు అయితే నేను లోపలికే వెళ్లను.

గేటు తర్వాత యజమానులను చూడండి. కొత్త కుక్క వచ్చినప్పుడు ఎవరైనా లేచి తమ కుక్కను వెనక్కి పిలిచారా? పిలిస్తే అది వచ్చిందా? లేక అందరూ ఫోనుల్లో తల దూర్చి కూర్చున్నారా? ఒక పెద్ద కుక్క చిన్నదాన్ని నేలకు అదిమితే 'ఆడుకుంటున్నాయి లెండి' అన్న మాట ఎన్నిసార్లు వినబడింది? ఆ మాట రెండుసార్లు వినబడిన పార్కు నుంచి నేను లేచి వచ్చేస్తాను. ఆట అయితే పాత్రలు మారుతుంటాయి. ఇప్పుడు తరిమింది మరో క్షణంలో తరిమించుకుంటుంది, మధ్యలో రెండూ ఆగి ఒళ్లు దులుపుకుంటాయి. ఒకటే తరుముతూ, ఇంకొకటే తోక కాళ్ల మధ్య దోపుకుని పరుగెడుతుంటే దాన్ని ఆట అనకూడదు.

చిన్న కుక్కలకు వేరే ఆవరణ ఉందా, కంచె కింద దూరిపోయే సందులు ఉన్నాయా, నీడ ఏ వైపు పడుతోంది, అందరూ వాడే నీటి తొట్టి ఎంత పాచి పట్టి ఉంది, ఇవి అక్కడి నుంచే కనిపిస్తాయి. నీళ్లు మాత్రం ఎలాగూ మీ సొంత సీసా, గిన్నె తీసుకెళ్లండి. టీకాలు పూర్తికాని కుక్కపిల్లలను అలాంటి చోట్లకు తేవద్దు. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది, వాటి టీకాల వరుసలో చివరిది పదహారు వారాలు నిండాక పడాలి. మీ దానికి ఆ వయసు దాటింది కాబట్టి రేబీస్, లెప్టోస్పైరోసిస్ (ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల సోకే జబ్బు) టీకాల తేదీలు ఒకసారి సరిచూసుకుంటే చాలు.

సరే, ఇంత చెప్పాక నా సొంత అభిప్రాయం చెబితే కొందరికి కోపం వస్తుంది. మీ కుక్కకు కుక్కల పార్కు అక్కర్లేదు, కనీసం ఈ ఏడాది. రెండేళ్ల వయసు దగ్గర పడే కొద్దీ చాలా కుక్కలకు తెలియని కుక్కల గుంపు మీద మోజు తగ్గుతుంది. అందులో తప్పేమీ లేదు. మనమూ చిన్నప్పటిలా కనిపించిన ప్రతివాడితో ఆడుకోం కదా. దానికి కావలసింది వాసనలు, కాస్త దూరం, మీ తోడు. అవి దొరికేది నడకదారిలో. పరుగు తీయించాలని ఉంటే కంచె వేసిన పొలాన్ని గంట లెక్కన ఒక్క కుటుంబానికే అద్దెకిచ్చే ఏర్పాటు చాలా దేశాల్లో వచ్చింది. అది అందుబాటులో లేకపోతే పది మీటర్ల పొడవు తాడు, దానికి జతగా ఛాతీకి తొడిగే హార్నెస్ చాలు. పొడవు తాడును మెడ పట్టీకి మాత్రం తగిలించకండి. పరుగు మీదున్న కుక్కకు తాడు చివర వచ్చేసరికి ఆ కుదుపంతా మెడ మీదే పడుతుంది. బటన్ నొక్కితే చుట్టుకుపోయే తాళ్లు కూడా నాకు నచ్చవు. సన్నటి దారం అరచేతిని కోసిన గుర్తు ఇంకా ఉంది.

నడకదారిని వెతకడంలో యాప్‌లను నేను పనికిరానివి అనను. జాబితా చూసి వదిలేయకుండా సమీక్షల లోపల వెతకండి. 'పిడుదులు', 'పాము', 'ఆవులు', 'నిచ్చెన', 'నీడ లేదు' లాంటి మాటలు వెతికితే అసలు సంగతులు బయటపడతాయి. ఐదు నక్షత్రాల కన్నా, 'మా కుక్క ఇనుప మెట్ల దగ్గర ఆగిపోయింది, మోసుకుని దిగాం' అన్న ఒక్క వాక్యం విలువైనది. ఫొటోల తేదీలు చూడండి, వానాకాలంలో తీసిన పచ్చటి ఫొటో మండువేసవి గురించి ఏమీ చెప్పదు. ఉపగ్రహ పటంలో చెట్లు ఎంత దూరం వరకు ఉన్నాయో, మధ్యలో రోడ్డు దాటాలేమో చూసుకోండి. ఇవన్నీ అయ్యాక మీ పశువైద్యుణ్ణి ఒక మాట అడగండి: 'ఈ చుట్టుపక్కల ఏ దారి నుంచి వచ్చిన కుక్కలకు ఎక్కువ వైద్యం చేస్తుంటారు?' నాకు దొరికిన అత్యంత పనికొచ్చే సమాచారం ఈ ప్రశ్నకే దొరికింది.

రాయి, వేడి. ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే ఇందులో నేను తప్పు చేశాను.

మా పాత కుక్క పేరు సింహం. ఉరిమితే మంచం కింద దూరేది, అది వేరే సంగతి. ఒక రోజు దాన్ని తీసుకుని చిన్న గుట్ట ఎక్కాను. పొద్దున ఏడింటికి ఎక్కేటప్పుడు చల్లగాలి, బండ మీద మంచు తడి. పైన కబుర్లలో పడి పది దాటించాను. దిగేటప్పుడు దారిలో రెండు వందల అడుగులు చెట్టు లేని ఏటవాలు బండ. సగం దిగాక సింహం ఆగింది. ముందు కాలు ఒకటి ఎత్తింది, దించింది, రెండోది ఎత్తింది. నేను 'రారా' అన్నాను. అది నా వైపు చూసి పెదాలు నాక్కుంది. అప్పుడైనా నాకు వెలగలేదు, మొండితనం అనుకున్నాను. చేయి ఆనించి లేపబోయినప్పుడు నా అరచేయి బండకు తగిలింది. మూడు లెక్కపెట్టే లోపు తీసేశాను. నా కాళ్లకు మందం బూట్లు. ఇరవై నాలుగు కిలోల కుక్కను భుజాల మీద వేసుకుని, కూర్చుని జారుతూ దిగాను. కింద చెట్టు నీడలో చూస్తే అరికాలి మెత్త ఒకటి ఉడికిన టమాటా తొక్కలా లేచి వచ్చింది. మూడు వారాలు గడప దాటలేదు.

అప్పటి నుంచి అరచేతి వెనకవైపును నేల మీద ఏడు క్షణాలు ఆనించగలనా లేదా చూసుకోకుండా కుక్కను అడుగు వేయనివ్వను. గాలి వేడి చూసి నేల వేడి అంచనా వేయలేం. పాతిక డిగ్రీలే కదా అనిపించే ఎండ రోజున తారు రోడ్డు యాభై దాటగలదు. అందుకే ఒక దారిని చూసి రావడానికి వెళ్లినప్పుడు ఎక్కే వేళ కాదు, దిగే వేళ నేల ఎలా ఉంటుందో చూడాలి. కుక్కకు చెమట పట్టేది దాదాపుగా అరికాళ్లలోనే, మిగతా వేడంతా రొప్పుతూ వదలాలి. ముక్కు నొక్కుకుపోయిన జాతులకు ఆ దారి కూడా ఇరుకే. వాటికి ఎండపూట నడక వద్దే వద్దు. ఏ కుక్కయినా నాలుక వెడల్పుగా బయటకు వేలాడేసి, చొంగ చిక్కగా కారుతూ, అడుగులు తడబడుతుంటే నడక అక్కడే ఆపేయాలి. నీడలోకి తెచ్చి, ఒంటి మీద నీళ్లు పోస్తూ, గాలి విసురుతూ ముందు చల్లబరచాలి. ఆసుపత్రికి పరుగు ఆ తర్వాత. చాలామంది దీన్ని తలకిందులు చేసి, వేడెక్కిన కుక్కను వేడెక్కిన కారులో ఎక్కిస్తారు.

నిలవ నీళ్ల గురించి ఒక్క మాట. పచ్చరంగు పోసినట్టు తెట్టు కట్టిన కుంటలోకి కుక్కను దిగనివ్వకండి, తాగనివ్వకండి. కొన్ని రకాల నీలి ఆకుపచ్చ నాచు విషం గంటల్లో ప్రాణం తీస్తుంది, దానికి విరుగుడు మందు లేదు. పిడుదుల విషయం మీకు తెలిసే ఉంటుంది. ఇంటికి రాగానే చెవుల లోపల, వేళ్ల మధ్య, పట్టీ కింద, తోక మొదట్లో తడమండి. కనిపిస్తే పట్టుకారుతో చర్మానికి ఆనించి పట్టి నిదానంగా లాగండి. నూనె పోయడం, కాల్చడం వద్దు. వేళ్ల మధ్య పల్లేరుకాయలు, ఎండు గడ్డి ముళ్లు కూడా అప్పుడే దొరుకుతాయి. ఆ గడ్డి ముల్లు ఒకసారి చర్మంలో దూరితే లోపలికే పోతుంది, వెనక్కి రాదు. కాబట్టి కంకులు ఎండిన గడ్డి మోకాలెత్తు ఉన్న దారిని ఆ నెలల్లో వదిలేయడం మేలు.

దారిలో పశువులు మేస్తుంటే, ముఖ్యంగా దూడలున్న ఆవులుంటే, చుట్టు తిరిగి వెళ్లండి. ఆవు మీదకు వస్తే మాత్రం తాడు వదిలేయండి. వినడానికి వింతగా ఉంటుంది, ఇన్నిసార్లు తాడు తాడు అని చెప్పి ఇక్కడ వదిలేయమంటున్నానేమిటి అని. ఆవుకు కోపం కుక్క మీద. కుక్క పరుగెత్తి తప్పించుకోగలదు, దాన్ని పట్టుకుని నిలబడ్డ మీరు తప్పించుకోలేరు.

కుక్క మలం సంచిలో ఎత్తి ఆ సంచిని చెట్టుకొమ్మకు తగిలించి 'వచ్చేటప్పుడు తీసుకుంటాం' అనుకునేవారికి ఒక విన్నపం: మీరు తీసుకోవడం లేదు. నిషేధం బోర్డులు వెలవడానికి ఈ సంచులు కూడా ఒక కారణమే.

ఇప్పుడు మీ కుక్క సంగతి. ఆ మలుపు దగ్గర కూర్చుంటోందన్నారు కదా, ఆ మలుపును రెండు నెలలు మరిచిపోండి. లాగవద్దు, బతిమాలవద్దు, వేరే వీధి పట్టుకోండి. ఈ వారం ఇంటికి అరగంట దూరంలో ఉన్న రెండు నడకదారులను మీరొక్కరే చూసి రండి. రెంటిలో వెడల్పుగా ఉన్నదాన్ని ఎంచుకోండి. ఎదురుగా కుక్క వస్తే ఐదారు మీటర్లు పక్కకు తప్పుకునే వీలుండాలి, అందాల కన్నా అది ముఖ్యం. పనిదినం పొద్దున్నే వెళ్లండి. మొదటి రోజు పదిహేను నిమిషాలు చాలు. దారి పొడవు చూసుకోవద్దు. అది ఒకే పొద దగ్గర ఐదు నిమిషాలు వాసన చూస్తానంటే చూడనివ్వండి. ఇంకా ఉత్సాహం ఉండగానే వెనక్కి తిప్పండి.

దూరం నుంచి కుక్క కనిపించగానే మీరు తాడు బిగిస్తారు. అందరం బిగిస్తాం, చేయి దానంతట అదే బిగుసుకుంటుంది. ఆ బిగువు తాడు గుండా దానికి తెలుస్తుంది. ముందే పక్కకు తప్పుకోండి, తాడు వదులుగా ఉంచండి, అది ఎదుటి కుక్కను చూసి మళ్లీ మీ వైపు తల తిప్పిన క్షణంలో దానికి ఇష్టమైన ముక్క ఒకటి నోట్లో పెట్టండి. ఎదుటివారు 'మా కుక్క ఏమీ అనదు' అంటూ దగ్గరికి వస్తుంటే 'మాది అంటుంది' అనండి. అబద్ధమే, కానీ ఆగిపోతారు. సింహం బతికినన్నాళ్లూ నేను ఆ అబద్ధం చెబుతూనే ఉన్నాను. అది పక్కనే తోక ఊపుతూ నిలబడేది.